చావాల్సిన కణం చావనంటే... పెద్దపేగు క్యాన్సర్ ఎలా పెరుగుతుంది?

"మొలలేలే, అదే తగ్గిపోతుంది." ఈ మాట మన ఇళ్ళల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. మా దగ్గరి చుట్టాల్లో ఒక పెద్దాయన ఉన్నారు. ఆనేకల్ పక్క పల్లెలో రాగి చేను, నాలుగు ఆవులు, తెల్లారకముందే లేచే అలవాటు. విరేచనంలో రక్తం పడుతుంటే ఎనిమిది నెలలు ఆయన ఈ మాటే చెప్పుకున్నారు. కారం తగ్గించారు, మజ్జిగ పెంచారు, ఎవరో ఇచ్చిన పసరు మందు మింగారు. ఇంట్లో ఆడవాళ్ళకు చెప్పడానికి సిగ్గు, కొడుకులకు చెప్పడానికి మొహమాటం. చివరికి చేనుగట్టు మీద కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రక్తం తక్కువగా ఉందన్నారు. ఎందుకు తక్కువైందో వెతుకుతూ పోతే పెద్దపేగులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు కీమో నడుస్తోంది.

ఆసుపత్రి వరండాలో ఆయన పెద్ద కొడుకు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. "బీడీ తాగని మనిషి, సారా ముట్టని మనిషి, పొద్దూ మాపూ ముద్ద తిన్న మనిషి. ఈ గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందన్నా?" ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత తెలిసిన డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

క్యాన్సర్ అంటే కణాలు అదుపు లేకుండా పుట్టడం అని మనందరికీ తెలుసు. అది సగం మాటే. మన ఊరి చెరువును తీసుకోండి. చెరువు పొంగడానికి కాలువలో నీళ్ళు ఎక్కువ రావాలనేం లేదు. వచ్చే నీళ్ళు ఎప్పటిలాగే వస్తున్నా, తూము మూసుకుపోతే చాలు, కట్ట దాటుతుంది. ఒంట్లో కణాలు పుట్టడం కాలువైతే, వేళకు చావడం తూము. మన పెద్దపేగులో ఆ తూమును తెరిచే జన్యువులు కొన్ని, మూసే జన్యువులు కొన్ని ఉన్నాయి. గడ్డ పెరగడంలో వీటి పాత్ర చాలా పెద్దది. మందు పనిచేస్తుందా లేదా అన్నది కూడా చాలా వరకు వీటి చేతిలోనే ఉంటుంది.

పట్టుపురుగు చెప్పిన సంగతి

కణం దానంతట అది చచ్చిపోవడం ఏమిటి అనిపించవచ్చు. పట్టుపురుగులు మేపిన ఇళ్ళవాళ్ళకు ఇది కొత్త కాదు. మన వైపు మల్బరీ తోట పెట్టని ఊరు ఒకప్పుడు తక్కువ. చంద్రికల మీద వేసిన పురుగు రెండు మూడు రోజులు ఆగకుండా దారం తీసి గూడు కడుతుంది. పురుగు ఒంట్లో ఆ దారం తయారుచేసే పట్టు గ్రంథి చాలా పెద్దది. గూడు పూర్తయి పురుగు లోపల ప్యూపాగా మారగానే ఆ గ్రంథితో పని అయిపోతుంది. రెండు మూడు రోజుల్లో అది కరిగిపోతుంది. ఎవరూ కోయలేదు, దెబ్బ తగల్లేదు, చీము పట్టలేదు. పని అయిపోయింది గనక దాని కణాలు వాటంతట అవే ముగించుకున్నాయి. రామనగర మార్కెట్‌కు పోయే గూళ్ళను ఉడకబెట్టి దారం తీస్తారు కాబట్టి మనం లోపల ఏం జరిగిందో చూడం, అంతే.

'ప్రోగ్రాం ప్రకారం జరిగే కణాల చావు' అన్న మాట విజ్ఞానంలోకి వచ్చింది కూడా పట్టుచిలుకల నుంచే. 1964లో అమెరికాలో రిచర్డ్ లాక్షిన్, కరోల్ విలియమ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, గూడు చీల్చుకుని వచ్చిన చిలుక పొట్టలోని కండరాలు ఆ తర్వాత ఎలా మాయమవుతున్నాయో చూసి ఆ మాట వాడారు. వాళ్ళు చూసింది మన మల్బరీ పురుగును కాదు, దాని అడవి చుట్టాన్ని.

1972లో జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలస్టేర్ కరీ అనే ముగ్గురు డాక్టర్లు ఇదే చావును మనిషి కణాల్లో సూక్ష్మదర్శినిలో చూసి 'అపోప్టోసిస్' అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో చెట్టు నుంచి ఆకులు రాలడం అని దాని అర్థం. పేరు బాగా కుదిరింది. దెబ్బ తగిలి చచ్చే కణం పగిలిపోయి చుట్టూ వాపు తెస్తుంది. అపోప్టోసిస్‌లో కణం ముడుచుకుని చిన్న చిన్న మూటలుగా విడిపోతుంది. పక్క కణాలు ఆ మూటల్ని మింగేస్తాయి. నొప్పి ఉండదు, గుర్తు మిగలదు. పెద్ద మనిషి ఒంట్లో రోజుకు 5,000 కోట్లకు తక్కువ కాకుండా కణాలు ఇలా రాలిపోతాయని అంచనా.

దీన్ని నడిపించేది జన్యువులేనని తేల్చింది మాత్రం ఒక మిల్లీమీటరు పొడవుండే మట్టి పురుగు. ఆ పురుగు పెరిగేటప్పుడు దాని ఒంట్లో సరిగ్గా 1,090 కణాలు పుడతాయి. వాటిలో 131 ప్రతిసారీ చచ్చిపోతాయి, 959 మిగులుతాయి. ఏ పురుగును చూసినా ఇదే లెక్క. రాబర్ట్ హార్విట్జ్ బృందం 1986లో ఆ 131 కణాల చావుకు ఏ జన్యువులు కావాలో పట్టుకుంది. వాటిలో ఒక్కటి పాడైనా, చావాల్సిన కణాలు బతికిపోయాయి. సిడ్నీ బ్రెనర్, జాన్ సల్‌స్టన్‌లతో కలిసి హార్విట్జ్‌కు 2002లో నోబెల్ వచ్చింది. అవే జన్యువుల చుట్టాలు మనలోనూ ఉన్నాయి.

పేగు లోపలి పొర

పెద్దపేగు లోపలి పొరను సూక్ష్మదర్శినిలో చూస్తే లక్షల కొద్దీ చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ప్రతి గుంట అడుగునా కొన్ని మూలకణాలు ఉంటాయి. అవి చీలుతూ కొత్త కణాలను పైకి నెడుతుంటాయి. కొత్త కణం నాలుగైదు రోజుల్లో గుంట పైఅంచుకు చేరి, అక్కడ రాలిపోతుంది. అంటే ఈ వారం మీ పేగులో ఉన్న పొర పోయిన వారం ఉన్నది కాదు. ఒంట్లో ఇంత వేగంగా మారే చోట్లు తక్కువ. మలంలో ఉండే రకరకాల పదార్థాలు రోజూ రాపాడే చోటు అది. పాడైన కణాన్ని బాగు చేస్తూ కూర్చోవడం కన్నా, దాన్ని రాల్చేసి కొత్తది తెచ్చుకోవడం పేగుకు తేలిక.

దీనికి ఇంకో కాపలా కూడా ఉంది. తన చోటు నుంచి ఊడిపోయిన పేగు కణం ఒంటరిగా బతకదు, వెంటనే తన చావు తానే తెచ్చుకుంటుంది. 1994లో దీనికి 'అనోయికిస్' అని పేరు పెట్టారు, ఇల్లు లేకుండా పోవడం అని అర్థం. ఈ కాపలా ఉన్నంత వరకు పేగు కణం రక్తంలో కొట్టుకుపోయి కాలేయంలో కాపురం పెట్టలేదు. క్యాన్సర్ కణం ఈ కాపలాను కూడా దాటినప్పుడే డాక్టర్లు 'పాకింది' అంటారు.

తూము దగ్గర కూర్చున్నవాళ్ళు

చావును అదుపు చేసే జన్యువుల్లో ముఖ్యమైన కుటుంబం బీసీఎల్-2. ఒకే ఇంట్లో అన్నదమ్ములు రెండు పార్టీల్లో ఉన్నట్టు ఉంటుంది వీళ్ళ సంగతి. బీసీఎల్-2, బీసీఎల్-ఎక్స్ఎల్ లాంటివి కణాన్ని చావనివ్వవు. బ్యాక్స్, బ్యాక్ అనేవి చావు వైపు లాగుతాయి. బిమ్, ప్యూమా లాంటి చిన్నవి ఒంట్లో ఏదో చెడిందని కబురు తెస్తాయి. ఆ కబురు గట్టిగా ఉంటే బ్యాక్స్ వెళ్ళి మైటోకాండ్రియా గోడకు చిల్లులు పెడుతుంది. మైటోకాండ్రియా అంటే కణానికి శక్తినిచ్చే చిన్న పొయ్యి లాంటిది. చిల్లులోంచి సైటోక్రోమ్ సి అనే ప్రొటీన్ బయటికి వస్తుంది, దాంతో కాస్పేస్ అనే కత్తెర్లు పని మొదలుపెట్టి కణాన్ని లోపల్నుంచి కత్తిరించేస్తాయి. అక్కడి నుంచి వెనక్కి రావడం దాదాపు ఉండదు.

బీసీఎల్-2ను మొదట ఒక రకం రక్త క్యాన్సర్‌లో కనుక్కున్నారు. అప్పటి దాకా క్యాన్సర్ జన్యువు అంటే కణాన్ని పరుగులు పెట్టించేదే అనుకునేవారు. 1988లో మెల్బోర్న్‌లో డేవిడ్ వాక్స్, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ ఇది అలాంటిది కాదని చూపించారు. ఇది కణాన్ని పెంచదు, చావకుండా ఆపుతుంది, అంతే. చావకపోవడం కూడా క్యాన్సర్‌కు దారేనని అప్పుడు తెలిసింది.

ఒక సంగతి మాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. చిన్నపేగు ఆరు మీటర్ల దాకా పొడవు, పెద్దపేగు ఒకటిన్నర మీటరు. చిన్నపేగులో క్యాన్సర్ చాలా అరుదు, పెద్దపేగులో మామూలు. దీనికి కారణాలు చాలా చెబుతారు, మలం నిలవ ఉండటం, సూక్ష్మజీవులు ఎక్కువ ఉండటం వగైరా. వాటిలో ఒకటి ఈ జన్యువుదే. చిన్నపేగు గుంటల అడుగున మూలకణం కొంచెం చెడినా చచ్చిపోతుంది. పెద్దపేగు గుంటల అడుగున మాత్రం బీసీఎల్-2 కాపలా ఉండటం వల్ల చెడిన మూలకణం చావు తప్పించుకోగలుగుతుంది. 1990ల నడుమ ఎలుకల మీద, మనిషి కణజాలం మీద చూసి చెప్పిన మాట ఇది.

బుడిపె నుంచి గడ్డ దాకా

పెద్దపేగు క్యాన్సర్ ఒక్క రోజులో రాదు. మొదట పాలిప్ అనే బుడిపె లేస్తుంది. అది గడ్డ కావడానికి మామూలుగా పదేళ్ళ దాకా పడుతుంది. అన్ని బుడిపెలూ క్యాన్సర్ కావు కూడా. ఈ మెట్లను జన్యువుల వారీగా మొదట విడమరిచింది అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఫియరన్, బెర్ట్ వోగెల్‌స్టీన్, 1990లో. ఆ తర్వాత అయిదేళ్ళకు అదే చోట అతుల్ బేడీ బృందం ఇంకో కొలత చూసింది. మామూలు పేగు పొరలో కణాలు చక్కగా చస్తున్నాయి, బుడిపెలో ఆ చావు తగ్గింది, గడ్డకు వచ్చేసరికి ఇంకా అణిగిపోయింది. అంటే తూము ఒక్కసారిగా పడిపోలేదు, పలక పలకగా దిగింది.

మొదటి పలక ఏపీసీ అనే జన్యువు. 1991లో అయిదో క్రోమోజోమ్ మీద దొరికింది. పెద్దపేగు క్యాన్సర్లలో పదింట ఎనిమిదిలో ఇది పాడై ఉంటుంది. గుంట అడుగున ఉన్న కణం పైకి వెళ్ళి రాలిపోవాలంటే ఏపీసీ బాగుండాలి. అది చెడితే కణం పైకి పోదు, రాలదు, అక్కడే పిల్లల్ని కంటూ బుడిపెగా కూర్చుంటుంది. 1996లో ప్రయోగశాలలో, ఏపీసీ పోయిన క్యాన్సర్ కణాల్లోకి మంచి ఏపీసీని తిరిగి పెట్టి చూశారు. కణాలు చచ్చిపోవడం మొదలుపెట్టాయి.

రెండో పలక కేరాస్. ఈ రాస్ జన్యు కుటుంబం కథలో ఒక తెలుగు పేరు ఉంది, మన పత్రికల్లో అంతగా కనపడదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్ళిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి 1982లో సహచరులతో కలిసి, మూత్రాశయ క్యాన్సర్ కణంలోని రాస్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల అది క్యాన్సర్ జన్యువు అయిందని చూపించారు. అదే ఏడాది ఇంకొన్ని బృందాలూ అదే తేల్చాయి. మనిషి క్యాన్సర్‌కు ఇంత చిన్న అచ్చుతప్పు చాలునని అంతకు ముందు ఎవరూ చూపించలేదు. పెద్దపేగు క్యాన్సర్లలో పదింట నాలుగులో కేరాస్ మారి ఉంటుంది. అది కణాన్ని పెరగమని తొందరపెట్టడమే కాదు, చావు కబురు తెచ్చే బిమ్‌ను కూడా నోరు నొక్కేస్తుంది. కొన్ని ఖరీదైన మందులు రాసే ముందు డాక్టర్లు 'రాస్ పరీక్ష' అడిగేది ఇందుకే. అది మారి ఉంటే ఆ మందులు పనిచేయవు, ఆ డబ్బు దండగ.

ఏనుగుల దగ్గర ఉన్నది, మన దగ్గర లేనిది

ఇక పెద్ద పలక, పీ53. దీని కథ తమాషాగా ఉంటుంది. 1979లో దీన్ని కనుక్కున్నప్పుడు క్యాన్సర్ తెచ్చే జన్యువనే అనుకున్నారు. పదేళ్ళు అలాగే నమ్మారు. 1989లో వోగెల్‌స్టీన్ బృందం పెద్దపేగు గడ్డల్ని పరీక్షిస్తే తేలింది తలకిందుగా ఉంది. అది క్యాన్సర్‌ను ఆపే జన్యువు. గడ్డల్లో అది పోయి ఉంది, లేదా చెడి ఉంది. పెద్దపేగు క్యాన్సర్లలో సగానికి పైగా ఇదే పరిస్థితి.

పీ53 పని ఏమిటంటే, కణంలో డీఎన్ఏ తెగిందని కబురు రాగానే ముందు కణాన్ని చీలకుండా ఆపడం, బాగు చేయగలిగితే చేయనివ్వడం, కాకపోతే ప్యూమాను లేపి బ్యాక్స్ చేత తూము తెరిపించడం. ప్యూమాను 2001లో కనుక్కున్న బృందాల్లో ఒకటి పెద్దపేగు క్యాన్సర్ కణాల మీదే పనిచేస్తోంది.

మన ఆనేకల్ పేరులోనే ఏనుగు ఉందంటారు, వడగళ్ళు అనే కన్నడ మాట నుంచి వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. పేరు సంగతి ఎలా ఉన్నా, బన్నేరుఘట్ట అడవి నుంచి రాగి కోతల వేళకు దిగే ఏనుగుల మందలు మన రైతులకు బాగా తెలుసు. అంత పెద్ద ఒళ్ళు, అన్ని కణాలు, అరవై డెబ్భై ఏళ్ళ బతుకు. లెక్క ప్రకారం ఏనుగులకు మనకన్నా ఎక్కువ క్యాన్సర్లు రావాలి. రావు. 2015లో కారణం బయటపడింది. మనిషికి పీ53 జన్యువు ఒకటే (తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి). ఏనుగుకు అలాంటివి 20 దాకా ఉన్నాయి. డీఎన్ఏ కొంచెం చెడిందంటే ఏనుగు కణం బాగు చేసుకుంటూ కూర్చోదు, చచ్చిపోతుంది. రాత్రంతా డప్పులు కొట్టి తరిమే ఆ జంతువు ఒంట్లో మనకు లేని కాపలా ఉందని తెలిశాక, చేను తొక్కిందన్న కోపం మాకైతే ఒక వీసం తగ్గింది. చేను పోయిన రైతుకు తగ్గాలని మేము అనం.

మందు దగ్గరికి వస్తే

క్యాన్సర్ మందు కణాన్ని కాల్చి చంపుతుందని మనం అనుకుంటాం. చాలా మందులు అలా చేయవు. అవి కణం డీఎన్ఏను దెబ్బతీస్తాయి, మిగిలింది కణమే చేసుకోవాలి. పీ53 చూసి, ప్యూమాను పిలిచి, బ్యాక్స్ చిల్లు పెట్టి, అంతా లోపలి ఏర్పాటే. పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే 5-ఫ్లోరోయురాసిల్ మందు 1957 నాటిది. అది కణానికి డీఎన్ఏ తయారీకి కావలసిన ఒక సరుకు దొరక్కుండా చేస్తుంది. దాంతోపాటు ఎక్కించే ల్యూకోవొరిన్ ఆ పట్టును గట్టి చేస్తుంది. ఈ ల్యూకోవొరిన్ ఫోలిక్ ఆమ్లం కుటుంబానికి చెందినది. ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల్లో లెడర్లీ కంపెనీలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు. మన పెద్దాయనకు సెలైన్ స్టాండు మీద వేలాడే రెండు సంచుల్లో ఒకదాని వెనక ఆ కథ ఉంది.

ఇప్పుడు చిక్కు అర్థమై ఉంటుంది. లోపలి ఏర్పాటే చెడిపోయిన కణానికి మందు దెబ్బ తగిలినా చావు రాదు. ఒకే మందు ఒకరికి పనిచేసి ఇంకొకరికి పనిచేయకపోవడానికి ఇదొక పెద్ద కారణం. డాక్టర్ సరిగ్గా చూడలేదనో, చేతివాటం బాగోలేదనో అనుకుని మధ్యలో ఆసుపత్రులు మార్చే ముందు ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి.

ప్రతి వంద పెద్దపేగు క్యాన్సర్లలో పదిహేను దాకా ఇంకో దారిలో వస్తాయి. వీటిలో డీఎన్ఏ నకలు తీసేటప్పుడు తప్పులు దిద్దే జన్యువులు చెడి ఉంటాయి. అప్పుడు ఒకే అక్షరం వరసగా వచ్చే చోట తప్పులు పేరుకుంటాయి. బ్యాక్స్ జన్యువులో అలా ఒకే అక్షరం ఎనిమిదిసార్లు వరసగా వచ్చే చోటు ఉంది. ఈ రకం గడ్డల్లో సగానికి పైగా సరిగ్గా ఆ చోటే దెబ్బతిని బ్యాక్స్ పనికిరాకుండా పోయిందని 1997లో తేలింది. అయితే ఈ రకానికి ఒక మేలు ఉంది. తప్పులు ఎక్కువ ఉన్న కణాన్ని మన రోగనిరోధక కణాలు పరాయిదిగా గుర్తుపట్టగలవు, అవి బయటి నుంచి వచ్చి చావు తలుపు తట్టగలవు. ఇమ్యునోథెరపీ మందులు వాటి చేతుల కట్లు విప్పుతాయి. 2022లో న్యూయార్క్‌లో ఈ రకం మలాశయ క్యాన్సర్ ఉన్న 12 మందికి డోస్టార్లిమాబ్ మందు మాత్రమే ఇస్తే, ఆపరేషన్ లేకుండానే అందరిలో గడ్డ కనిపించకుండా పోయింది. వార్తల్లో 'క్యాన్సర్‌కు మందు దొరికింది' అని వచ్చింది అదే. వంద మందిలో ఎనభై అయిదు మందికి అది సరిపడదన్న మాట మాత్రం ఆ వార్తల్లో రాలేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే గడ్డ ముక్క మీద 'ఎంఎస్ఐ పరీక్ష' చేశారా అని అడగండి. అడిగితే డాక్టర్ తప్పుగా అనుకోరు.

బీసీఎల్-2ను నేరుగా పట్టుకునే మందు వెనెటోక్లాక్స్ 2016లో వచ్చింది, అది కొన్ని రక్త క్యాన్సర్లకు. పెద్దపేగు గడ్డల్లో ఎక్కువగా కాపలా కాసేది బీసీఎల్-ఎక్స్ఎల్. దాన్ని అడ్డుకుంటే రక్తంలో ప్లేట్‌లెట్లు కూడా చచ్చిపోతాయి, ఎందుకంటే అవి బతికేది దాని మీదే. అక్కడే పని ఆగి ఉంది. మన పక్కనే ఎలక్ట్రానిక్ సిటీలోని ఐబీఏబీ సంస్థ శాస్త్రవేత్తలు, భారతీయ విజ్ఞాన సంస్థ వారితో కలిసి బీసీఎల్-2ను అడ్డుకునే 'డిసారిబ్' అనే పదార్థాన్ని తయారుచేశారు. 2016, 2017ల్లో దాని మీద పరిశోధన పత్రాలు వచ్చాయి. అది ప్రయోగశాల పని. ఎవరైనా ఆ పేరుతో మందు అమ్ముతామంటే నమ్మవద్దు.

మేనరికం మాట

ఈ క్యాన్సర్లలో ఎక్కువ భాగం వంశంలో రావు, వయసుతో పాటు పేగులో చెడే జన్యువుల వల్ల వస్తాయి. కొన్ని ఇళ్ళల్లో మాత్రం చెడిన జన్యువు పుట్టుకతోనే వస్తుంది. ఏపీసీ అలా వస్తే చిన్న వయసులోనే వందల బుడిపెలు లేస్తాయి. తప్పులు దిద్దే జన్యువు అలా వస్తే లించ్ సిండ్రోమ్ అంటారు, ఆ ఇంటి ఆడవాళ్ళకు గర్భసంచి క్యాన్సర్ కూడా రావచ్చు. ఈ రెండింటికీ తల్లో తండ్రో ఒకరి నుంచి ఒక్క ప్రతి వచ్చినా చాలు.

రెండు ప్రతులూ చెడితేనే వచ్చేవి వేరే ఉన్నాయి. మ్యూటీవైహెచ్ అనే జన్యువు అలాంటిది, దాని సంగతి 2002లో తెలిసింది. మన ఇళ్ళల్లో మేనత్త కొడుకును, మేనమామను, అక్క కూతురిని చేసుకోవడం తరతరాలుగా ఉన్నదే. ఒకే తాత దగ్గర ఉన్న చెడు ప్రతి రెండు వైపుల నుంచీ వచ్చి బిడ్డలో కలిసే అవకాశం అలాంటి పెళ్ళిళ్ళలో పెరుగుతుంది. లించ్ జన్యువులు కూడా అలా రెండూ చెడి పుడితే చిన్నపిల్లలకే క్యాన్సర్లు వస్తాయి, అది చాలా అరుదు. పెళ్ళయినవాళ్ళను భయపెట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి పేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, పైగా మేనరికాలు ఉంటే, ఆ సంగతి డాక్టర్‌తో చెప్పాలి. మన పెద్దలు 'కడుపులో గడ్డతో పోయాడు' అని చెప్పేవాళ్ళ వయసెంత, ఏ వైపు చుట్టం అన్నది రాసి పెట్టుకోండి. డాక్టర్‌కు అది స్కానింగ్ రిపోర్టంత పనికొస్తుంది.

లించ్ ఉన్నవాళ్ళ మీద బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ బర్న్ నడిపించిన పరీక్షలో, 861 మందిలో కొందరికి రెండేళ్ళు రోజూ ఆస్పిరిన్ ఇచ్చారు. ఏళ్ళ తర్వాత చూస్తే రెండేళ్ళు మందు మానకుండా వాడినవాళ్ళలో పెద్దపేగు క్యాన్సర్ దాదాపు సగం తగ్గింది. చెడిన కణాలను చావు వైపు నెట్టడం కూడా దాని పనితీరులో ఒకటి కావచ్చని అనుకుంటున్నారు. ఆస్పిరిన్ కడుపులో రక్తస్రావం తెస్తుంది కాబట్టి ఎవరికి వాళ్ళు మొదలుపెట్టే మందు కాదు.

ముద్ద సంగతేమిటి మరి

రాగిలో పీచు బాగా ఉంది. అనపగింజల్లోనూ ఉంది. ఆ పీచును పేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థం చేస్తాయి. మంచి పేగు కణానికి అది తిండి. క్యాన్సర్ కణానికి మాత్రం, ప్రయోగశాలలో చూస్తే, చావు కబురు. పీచు ఎక్కువ తినేవాళ్ళలో ఈ క్యాన్సర్ తక్కువని పెద్ద పరిశీలనలు చెబుతున్నాయి. అయితే తక్కువ అంటే లేదని కాదు. ముద్ద తిన్న మనిషికి రాదని ఎవరూ రాసివ్వలేదు. పసుపు కూడా సీసాలో కణాలను చంపుతుంది. మింగిన పసుపు రక్తంలోకి చేరేది బహు తక్కువ. కూరలో వేసుకోండి, మందుకు బదులు వేసుకోకండి.

ఆ కొడుకు ప్రశ్నకు మేము చెప్పగలిగిన జవాబు ఇంతే. మీ నాయన తప్పేం లేదు. లక్షల గుంటల్లో ఒకదాంట్లో, బహుశా పదేళ్ళ కిందట, ఒక కణంలో అచ్చుతప్పు పడింది. చావాల్సింది చావలేదు. అంతకాలం అది బుడిపెగానే ఉంది, చూసి ఉంటే వైరు ఉచ్చుతో తీసేసేవారు.

చూడటం ఎలాగన్నది మిగిలింది. అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్ళకే అందరినీ పరీక్షించుకోమంటున్నారు. మన దేశంలో ప్రభుత్వం నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే పరీక్షలు పెట్టింది, పేగుకు లేదు. 2022లో దేశంలో కొత్తగా దాదాపు 70 వేల మందికి ఈ జబ్బు వచ్చిందని అంతర్జాతీయ అంచనా. మన దగ్గర యాభై లోపు వాళ్ళ వాటా పాశ్చాత్య దేశాల కన్నా ఎక్కువ కూడా. కాబట్టి విరేచనంలో రక్తం, నెల దాటినా సర్దుకోని విరేచనం మార్పు, కారణం లేకుండా రక్తం తగ్గడం, బరువు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా మొలలని మనమే తీర్పు చెప్పుకోకూడదు. మొలలు ఉన్నా సరే, గడ్డ కూడా ఉండవచ్చు. మొదట మలంలో కంటికి కనపడని రక్తానికి చిన్న పరీక్ష ఉంది, తర్వాత కొలనోస్కోపీ. ముందు రోజు పేగు శుభ్రం చేసే మందు తాగడం తప్ప అందులో పెద్ద కష్టం లేదని చేయించుకున్నవాళ్ళంతా చెప్పారు. బొమ్మసంద్రలో 2009 నుంచి మజుందార్ షా క్యాన్సర్ కేంద్రం ఉంది, నగరంలో ప్రభుత్వ కిద్వాయ్ సంస్థ ఉంది. బీపీఎల్ కార్డు ఉన్నవాళ్ళు ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటక కింద వైద్యం గురించి ముందే అడిగి తెలుసుకోవాలి, బిల్లు వేశాక కాదు.

తల్లిదండ్రులకు గానీ తోడబుట్టినవాళ్ళకు గానీ ఈ క్యాన్సర్ వస్తే, మిగతావాళ్ళు 40 ఏళ్ళకే, లేదా వాళ్ళకు వచ్చిన వయసుకు పదేళ్ళు ముందే, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలని డాక్టర్లు చెబుతారు. మన పెద్దాయన పెద్ద కొడుకు వయసు 42. పోయిన నెల చేయించుకున్నాడు. రెండు బుడిపెలు కనిపించాయి, అక్కడికక్కడే తీసేశారు, పరీక్షకు పంపితే క్యాన్సర్ లేదని వచ్చింది. మూడేళ్ళ తర్వాత మళ్ళీ రమ్మన్నారు. చిన్నవాడికి కూడా మొన్ననే 40 నిండాయి. కరగ అయిపోనీ, ఆ తర్వాత పోతానంటున్నాడు.